ఖూనీ పుస్తకాల గంగాబాయి

ఎడారి కోటలో వైర్‌లెస్ సిపాయి చచ్చిపడి ఉన్నాడని గంగాబాయి చెప్పేసరికి, గదుల ముందు గ్యాలరీలో కూర్చున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. మెంతికూర తుంచుతున్నామె తుంచడం మానేసింది. ఇంకొకామె ఒళ్లో పిల్ల ఏడుస్తున్నా పట్టించుకోలేదు.

"ఎవరు సంపిండ్రు?" అంది కోడలు సాక్షి.

"గదే ఎరుకలేదు. కోట సుట్టూ దుష్మన్ల ఫౌజు. బయటోడు లోపటికి రాలేడు. అంటే సంపినోడు లోపటోడే. మనోళ్లల్లనే ఒకడు."

"అగ బాయీ!" అంది మెంతికూర ఆమె.

"పుఢే కాయ్ ఝాలం, మమ్మీ? తర్వాత ఏమైంది? జల్దీ చెప్పు" అంది సాక్షి.

"మొదటి భాగం గీడికే అయిపోయింది. రెండో భాగం తెలుగు సమాజం పుస్తకశాలల ఉన్నది. రేపు తెస్తా."

ఆడవాళ్లు ఆమెను తిట్టినంత పనిచేసి లేచారు. గంగాబాయి నవ్వుకుంటూ సూదిలో దారం ఎక్కించి, ఒళ్లో ఉన్న చీరకు ఫాల్ కుట్టడం మొదలుపెట్టింది.

ముంబై కామాఠిపురలో, వరస గదుల ఆ చాల్ రెండో అంతస్తులో గంగాబాయి పుట్టింది, అదే అంతస్తులో ఇంకో గదికి కోడలుగా వెళ్లింది. ముత్తాత పాలమూరు దిక్కు నుంచి రాళ్లు మోయడానికి వచ్చినవాడు. ఆమె ఏడో తరగతి దాకా మునిసిపాలిటీ తెలుగు బడిలో చదివింది. భర్త పోయాక చీరలకు ఫాల్, పీకో కుట్టి కొడుకు అనికేత్‌ను పెంచింది. అనికేత్‌కు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వర్లి చాల్‌లో పుట్టి పెరిగిన సాక్షికీ అంతే. ఆ అంతస్తు మొత్తానికి తెలుగు అక్షరం కూడబలుక్కోకుండా చదవగలిగేది గంగాబాయి ఒక్కతే. అందుకే ఆమె మధ్యాహ్నాలు చదివేది, సాయంత్రాలు కుడుతూ చెప్పేది.

ఆమెకు సంసారం నవలలు నచ్చవు. ఒకటి రెండు తెచ్చి సగంలోనే తిరిగి ఇచ్చేసింది. "అత్తాకోడండ్ల కొట్లాట కింది అంతస్తుల ఫుకట్ల దొరుకుతది. గదానికి పుస్తకం ఎందుకు?" అంటుంది. ఆమెకు హత్య జరగాలి, లేదా కోట ముట్టడి జరగాలి, లేదా ఏ సరిహద్దులోనో ఫిరంగులు మోగాలి. ఈ మూడూ ఒకే పుస్తకంలో ఉంటే ఆ రోజు కూర మాడిపోతుంది.

చదివే తీరు కూడా ఆమెదే. హత్య నవలలో ఆఖరి అధ్యాయం వచ్చేముందు పుస్తకం మూసేస్తుంది. ఒక చీర అంచు మొత్తం కుడుతూ, ఎవరు ఏ పూట ఎక్కడున్నారో, ఎవరి మాటకు ఎవరి మాట పొసగడం లేదో ఆలోచిస్తుంది. చివరికి ఒకడి పేరు మనసులో ఖాయం చేసుకుని అప్పుడు పుస్తకం తెరుస్తుంది. తాను అనుకున్నవాడే హంతకుడైతే ఆమెకు కొంచెం దిగులు. తప్పిందంటే మాత్రం పండగే. "మోసం చేసిండు సూడు నన్ను!" అని ఆ రోజంతా రాసినవాణ్ని మెచ్చుకుంటూ తిరుగుతుంది. రాజుల నవలల్లో రాణుల నగల వర్ణన వస్తే పేజీలు తిప్పేస్తుంది. కోటలో ధాన్యం తరిగిపోవడం, బయటివాళ్లు గోడ కింద సొరంగం తవ్వడం, లోపలివాళ్లు నేలకు చెవి ఆనించి ఆ చప్పుడు వినడం వస్తే ఊపిరి బిగబట్టి చదువుతుంది. యుద్ధం నవలల్లో ఆమెకు ఇష్టమైనది గెలుపు కాదు. తెల్లవారితే దాడి అనగా పక్కపక్కన పడుకున్న సిపాయిలు భయాన్ని దాచుకోవడానికి ఆడుకునే పనికిరాని మాటలు.

మరునాడు స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, సమాజం పుస్తకశాలకు బయలుదేరింది.

పుస్తకశాల గుమ్మంలోనే అధ్యక్షుడు శంకర్రావు ఎదురయ్యాడు. రంగుల పనుల కాంట్రాక్టు చేసి స్థిరపడ్డ మనిషి. గల్లీలో పిల్లకు బడిలో సీటు కావాలన్నా, ముసలాయనకు ఆసుపత్రిలో మంచం కావాలన్నా ముందు పరుగెత్తేది ఆయనే. కాబట్టి ఆయన మాటకు ఎవరూ ఎదురు చెప్పరు.

"రా గంగాబాయి. నీకే మనిషిని పంపుదామనుకుంటున్న. వచ్చే ఐతారం మన తెలుగు భాష ఫంక్షన్. హైదరాబాద్ కెల్లి ప్రొఫెసర్ సాబ్ వస్తుండు. ఉత్తమ పాఠకురాలని నీకు శాలువ కప్పుతం."

గంగాబాయి చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చింది. చదవడాన్ని ఇంట్లో టైంపాస్ అంటారు. చాల్‌లో పిచ్చి అంటారు. దానికి శాలువా కప్పుతారని ఆమె కలలో కూడా అనుకోలేదు. "నాకెందుకన్నా గివన్నీ" అంటూనే కొంగు సర్దుకుంది.

అప్పుడు ఆమె చూపు అద్దాల బీరువాల మీద పడింది. లోపల పుస్తకాలు లేవు. క్రికెట్ పోటీల కప్పులు, షీల్డులు, చందాలిచ్చిన పెద్దమనుషుల ఫొటోలు, ప్లాస్టిక్ పూలు మెరుస్తున్నాయి.

"అన్నా, పుస్తకాలేవి?"

"దేవునియి, పరీక్షలయి లోపటి గదిల పెట్టినం."

"నాయి?"

"నీయి ఏవి?"

"ఖూనీలయి. రాజులయి. లడాయిలయి."

శంకర్రావు తేలికగా నవ్వేశాడు. "గవా? రద్దీకి, చిత్తు కాగితాలోడికి ఏసినం. ఫాక్‌లాండ్ రోడ్డు బాజూకు హితేష్ భాయ్ దుకాణం లేదా, ఆయన మనిషి వచ్చి గోన్లల్ల నింపుకపోయిండు. పాతయి, పురుగులు పట్టినయి."

"పురుగులు పట్టలే. నేను పోయిన వారమే దులిపిన."

ఆయన గొంతు తగ్గించాడు. "జర సమజ్ చేసుకో. కామాఠిపుర అనంగనే లోకం మన దిక్కు ఒక తీర్గ సూస్తది. మన పోరలు సంబంధాలకు పోయి ఈ పత్తా చెప్పనీకి సిగ్గుపడ్తుండ్రు. గా ప్రొఫెసర్ వచ్చి బీరువా తెరిస్తే ఏం కనబడాలె? కత్తులు, నెత్తురు, నడిబజార్ల శవం? మన పేరు ఇంకా ఖరాబ్ కావాల్నా? నువ్వు స్టేజీ మీద పురాణాలు, శతకాలు చదువుతనని చెప్పు. గంతే."

"నేను శతకాలు చదవను."

"చదువుతనని చెప్పు అంటున్న. చదవమంటలేను."

ఆ మాటతో గంగాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటిదాకా సంతోషంతో వెచ్చబడిన ముఖం కోపంతో కాలిపోయింది. చెప్పులు తొడుక్కుని ఇంటికి వచ్చి, పొయ్యి దగ్గరున్న సాక్షితో ఒక్కటే అంది: "పొయ్యి బంద్ చెయ్యి. నడువు."

హితేష్ దుకాణం నిండా పాత పేపర్లు, చిరిగిన అట్టపెట్టెలు, ఖాళీ సీసాలు. తెలుగు సమాజం పుస్తకాలని అడిగితే ఆయన మూలకు చేయి చూపించాడు. కొన్ని గోనెలు అప్పటికే లారీ ఎక్కి ఫ్యాక్టరీకి పోయాయనీ, మిగిలినవి అవేననీ హిందీలో చెప్పాడు.

అత్తాకోడళ్లు ఇద్దరూ నేలమీద చతికిలబడి గోనెలు గుమ్మరించారు. ఒక్కో పుస్తకం బయటికి వస్తుంటే గంగాబాయి దాన్ని దులిపి, పేరు చదవకముందే అట్ట చూసి గుర్తుపట్టింది. "ఇగో, గీండ్ల విషం పాలల్ల కాదు, పాన్ల కలిపిండు. గిది ముట్టడి కథ, నీకు చెప్పిన సూడు, సొరంగం తవ్వెటోడు లోపటోళ్ల చుట్టమేనని." సాక్షి అక్షరాలు రాకపోయినా అట్టమీద బొమ్మలు చూసి తుపాకులున్నవన్నీ ఒక పక్కకు పేరుస్తోంది. ఉన్నట్టుండి ఆమె, మొదటి భాగం మీద చూసిన బొమ్మే గుర్తుపట్టి కేక వేసింది. "మమ్మీ! ఎడారి కోట!"

రెండో భాగమే. గంగాబాయి లాక్కున్నట్టు తీసుకుంది. చేతిలోకి రాగానే తేలికగా అనిపించింది. తిప్పి చూస్తే వెనక అట్ట లేదు, దాంతోపాటు ఆఖరి సగం లేదు. దారం కుట్లు బయటికి వేలాడుతున్నాయి.

"గిదేంది?"

హితేష్ భుజాలెగరేశాడు. సీసాల మధ్య పెట్టడానికి కాగితం కావాలి కదా, కుర్రాళ్లు చించి ఉంటారు, ఆ పెట్టెలు ఎప్పుడో వెళ్లిపోయాయి అన్నాడు.

గంగాబాయి ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని వేలాడే దారాలు లోపలికి సర్దింది. ఏడుస్తుందేమోనని సాక్షి భయపడింది. ఏడవలేదు. "గీయన తప్పేం లేదు. రద్దీ అని ఇస్తే రద్దీ అనుకున్నడు" అంది పళ్ల మధ్య నుంచి. పుస్తకాలన్నీ తిరిగి ఇమ్మని అడిగింది. బదులుగా ఏం ఇస్తావంటే, నీ ఇంటావిడ చీరలన్నిటికీ ఫాల్ కుట్టిపెడతానంది. హితేష్ ఒప్పుకున్నాడు. చేతిబండి కూడా ఇచ్చాడు. ఆ మధ్యాహ్నం అత్తాకోడళ్లు ఖూనీలు, రాజులు, యుద్ధాలు బండిమీద తోసుకుంటూ గల్లీలోంచి వస్తుంటే, సమాజం మెట్లమీద కూర్చున్న కమిటీ వాళ్లు పేపర్ చాటుకు తప్పుకున్నారు.

పుస్తకాలు గ్యాలరీలో గోడవారగా పేర్చారు. అనికేత్ పని నుంచి వచ్చి చూసి విసుక్కున్నాడు. "మమ్మీ, పెద్దమనిషితోని లఫ్డా ఎందుకు? నా పెండ్లికి హాల్ ఫుకట్ల ఇప్పించిండు."

"హాల్ ఇప్పించిండని నా పుస్తకాలు అమ్ముతడా?"

"నీయి కావు గదా. సమాజంవి."

"సమాజం అంటే ఎవరు? నేను కానా?"

వాడు ఫోన్ తీసుకుని మెట్లు దిగిపోయాడు.

ఫంక్షన్‌కు పోనని గంగాబాయి తేల్చేసింది. సాక్షి ఊరుకోలేదు. "నువ్వు పోకుంటే ఆయన ఇంకెవరికో శాలువ కప్పి, మన గల్లీ ఆడోళ్లు శతకాలు చదువుతరని చెప్పేస్తడు. నువ్వు పోయి చెప్పు, మమ్మీ. మంచిగ చెప్పకున్నా సరే."

ఆదివారం పొద్దున హాలు నిండింది. వేదికమీద కమిటీ మొత్తం, మధ్యలో హైదరాబాద్ ప్రొఫెసర్. గంగాబాయి వంతు రాగానే శంకర్రావు మైకు అందుకుని, ఈ తల్లి నిత్యం పురాణ పఠనంతో మన గల్లీని పావనం చేస్తున్నదని పరిచయం చేశాడు. శాలువా కప్పారు. ఫొటో తీశారు. "రెండు మాటలు" అని మైకు ఆమె చేతికిచ్చారు.

గంగాబాయి మైకును రెండు చేతులా పట్టుకుంది. నేర్చుకుని వచ్చిన మాటలన్నీ మరిచిపోయింది. "అందరికీ నమస్కార్" అంది. "నేను... పురాణాలు చదవను. ఖూనీల పుస్తకాలు చదువుతా."

హాల్లో పెద్ద నవ్వు లేచింది. వెనకనుంచి ఎవరో ఈల వేశారు. ఆ నవ్వుతో ఆమె బెదురు పోయింది, కోపం మిగిలింది.

"నవ్వుండ్రి. మంచిగ నవ్వుండ్రి. నాకు ఖూనీలంటే ఎందుకిష్టమో చెప్తా, ఇనుండ్రి. నేను లగ్గం కాని పిల్లనప్పుడు మన పక్క గల్లీల మెట్ల మీద ఒకామె సచ్చిపడి ఉంటే సూసిన. మెడ సుట్టూ నల్లగ కమిలి ఉండె. పోలీసులొచ్చిండ్రు. గుడ్డ కప్పిండ్రు. తీసుకపోయిండ్రు. ఎవరు సంపిండ్రని నేను మా నాయినను అడిగిన. సెంప మీద కొట్టిండు. మా బడిల అడిగిన. చుప్ అన్నరు. దుకాణంల అడిగిన. మనకెందుకన్నరు. ఆమె పేరు కూడ ఎవరూ చెప్పలే నాకు. మల్ల గా పుస్తకాల్ల సూడుండ్రి. ఒక్క మనిషి సస్తే, ఎంత గరీబుదైనా సరే, పుస్తకం మొత్తం గదే అడుగుతది. ఎవరు సంపిండ్రు? ఎవరు సంపిండ్రు? జవాబు దొరికేదాంక ఇడ్సిపెట్టరు. గదానికి చదువుతా నేను."

ఎవరూ నవ్వలేదు ఈసారి. శంకర్రావు లేచి నిలబడి మైకు కోసం చేయి చాచాడు. ఆమె ఒక అడుగు పక్కకు జరిగింది.

"మన గల్లీ పేరు నా పుస్తకాలు ఖరాబ్ చేసినయా? ఏండ్లకేండ్లు ఎవరూ ఏదీ అడగకపోతే ఖరాబ్ కాలేదా? నేను ఇప్పుడు ఒక్కటే అడుగుతున్న. సమాజం పుస్తకాలు రద్దీకి అమ్మిండ్రు. ఎవరు అమ్మిండ్రు?"

"కమిటీ నిర్ణయం అది" అన్నాడు శంకర్రావు పళ్లు బిగబట్టి.

"కమిటీ అంటే ఎవరన్నా? నిర్ణయం తీసుకున్నోళ్లు చేయి లేపుండ్రి."

వేదికమీద ఒక్క చేయీ లేవలేదు. ఒకాయన కండువా సరిచేసుకున్నాడు. ఇంకొకాయన ఫోన్ చూసుకున్నాడు. "లేపుండ్రి!" అంది ఆమె మళ్లీ, గొంతు చీలిపోతుండగా. అంతలో మైకు మూగబోయింది. ఎవరో స్విచ్ తీసేశారు. ప్రొఫెసర్ చప్పట్లు కొట్టబోయి, పక్కవాళ్లు కొట్టడం లేదని గమనించి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. గంగాబాయి శాలువా తీసి కుర్చీమీద పెట్టి, సాక్షి చేయి పట్టుకుని హాలు దాటి బయటికి నడిచింది.

ఆ తర్వాత కొన్నాళ్లు కష్టంగానే గడిచాయి. కమిటీ వాళ్ల ఇళ్ల నుంచి చీరలు రావడం ఆగిపోయింది. గణపతి పండగ ముందు తీరిక దొరకని మనిషి, ఖాళీ సూది పట్టుకుని కూర్చుంది. అనికేత్ అన్నం తిని లేచిపోయేవాడే తప్ప మాట్లాడలేదు. గ్యాలరీలో దారికి అడ్డంగా పుస్తకాలున్నాయని చివరి గది ఆమె గొణిగింది. అయినా సాయంత్రం కాగానే ఆడవాళ్లు వచ్చి కూర్చునేవారు. రెండో భాగంలో మిగిలిన సగం వరకూ విని, ఎడారి కోటలో హంతకుడు ఎవరై ఉంటాడని వాదించుకునేవారు. వంటవాడని సాక్షి, సుబేదారేనని మెంతికూర ఆమె. ఎవరికి తోచినట్టు వాళ్లు కథ ముగించుకుని సంతోషపడుతుంటే గంగాబాయికి ఒళ్లు మండిపోయేది. "మీకు నచ్చినోడు గాదు. నిజంగ సంపినోడు ఎవడో ఉన్నడు గండ్ల. రాసి పెట్టి ఉండె. సీసాల నడుమ కుక్కిండ్రు" అనేది.

ఒక సాయంత్రం శంకర్రావు వచ్చాడు. రెండంతస్తులు ఎక్కిన ఆయాసంతో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు.

"ఒక బీరువా ఖాళీ చేయిస్తా" అన్నాడు. "నీ పుస్తకాలు గండ్ల పెడదాం. తాళం కమిటీ దగ్గర ఉంటది. అడిగినోళ్లకు తీసిస్తం. ఇంకోటి. ప్రొఫెసర్ సాబ్ ఫోన్ చేసిండు. నీ ఎడారి కోట సగం చినిగిపోయిందని గల్లీల ఇని నేనే చెప్పిన. గా రెండో భాగం ఆయన దోస్తు దగ్గర ఉన్నదంట, పంపిస్తడంట. నువ్వు కమిటీకి ఒక్క మాట, మాఫీ అని చెప్పు. రేపే తెప్పిస్తా."

సాక్షి ఆశగా అత్త ముఖంలోకి చూసింది. గంగాబాయి మనసు కూడా అటే లాగింది. హంతకుడి పేరు హైదరాబాద్‌లో ఎవరి ఇంట్లోనో భద్రంగా ఉంది. ఒక్క మాట అంటే చేతికి వస్తుంది.

"అమ్మింది మీరు. మాఫీ నేను అడగాల్నా?" అంది. "నాకు గా పుస్తకం వద్దు. ఎవరు సంపిండ్రో తెలవకుండనే సస్తా. తాళం ఏసిన బీరువా అస్సలే వద్దు. ఖూనీ పుస్తకం కావాలని ఎవరన్న పోరి మీ ముందుకొచ్చి నిలబడి అడుగుతదా? మీకు మాలూమే అడగదని."

"మరి నీకేం కావాలె, గంగాబాయి?"

"నేను గా దినం అడిగినదానికి జవాబు."

శంకర్రావు గ్యాలరీ కటకటాల్లోంచి కిందికి చూశాడు. గల్లీలో చేపల బండి చుట్టూ బేరాలు జరుగుతున్నాయి. ఆమె వైపు తిరగకుండానే అన్నాడు.

"కమిటీ ఏం లేదు. మీటింగ్ కూడ కాలే. నేనే అమ్మిన."

గంగాబాయి కోపం చల్లారిందా అంటే లేదు. ఆ మాట హాల్లో, మైకు ముందు ఆయన అనాల్సింది. ఇక్కడ నలుగురు ఆడవాళ్ల ముందు అంటే సగమే అన్నట్టు. అయినా ఇన్నేళ్లలో ఆ గల్లీలో ఒక పెద్దమనిషి నేనే చేశానని చెప్పడం ఆమె వినడం అదే మొదటిసారి. కాలితో స్టూలు ఆయన వైపు జరిపింది.

"కూర్చో. సాక్షీ, చాయ్ పెట్టు" అంది. "తాళం లేని బీరువా ఇయ్యి. పుస్తకాలు వాపస్ తెస్తా. మాఫీ మాత్రం నా నోట్లకెల్లి రాదు."

ఆయన చాయ్ తాగాడు. గ్లాసు కిందపెట్టి మెట్లు దిగిపోయాడు.

వారం తిరిగాక కబురు వచ్చింది. తలుపు దగ్గరి బీరువా తీసుకోమని. రెండో అంతస్తు ఆడవాళ్లందరూ చేతికి అందినన్ని పుస్తకాలు మోసుకుంటూ దిగారు. వెళ్లి చూస్తే బీరువాకు తాళం లేదు గానీ, షీల్డులు ఎవరూ తీయలేదు. అందులోనే ఉన్నాయి. తీయడానికి మనిషి కూడా లేడు.

"సూసినవా? గింత కూడ చెయ్యరు!" అని గంగాబాయి మండిపడింది. కొంగు నడుముకు దోపి, ఒక్కో షీల్డూ తీసి శంకర్రావు బల్లమీద, కుర్చీమీద, ఆయన కూర్చునే దారి నిండా పరిచింది. ఖాళీ అయిన అర తడిగుడ్డతో తుడిచి, సాక్షి వైపు చేయి చాపింది.

"లడాయిలయి ఇటు ఇయ్యి. పైన పెడదాం, అందరికి కనబడాలె."